కాగితంలో తాగిన టీ

తాగలేదు. ఒక్క చుక్క కూడా తాగలేదు. ఎవరు ఏ కాగితంలో ఏం రాసుకున్నా సరే, తాళాలాయన పెళ్ళాం ఆ గురువారం పొద్దున టీ తాగలేదు, నీళ్ళూ తాగలేదు. నాలుక పిడచకట్టుకుపోతోంది, "వదినా, ఒక్క గుక్క పొయ్యవే" అని అడిగింది, అంతే. గుక్కమ్మ పొయ్యలేదు. "ఆపరేషను అయ్యాక తాగుదువుగానిలే, టీ ఎక్కడికి పారిపోతుంది" అంది. అలా అన్న నోటితోనే తర్వాత ఇదంతా చెప్పుకుంది. తాళాలాయన ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, గడప అవతలే కూలబడి చెప్పింది.

గుక్కమ్మ ఎవరంటావా? ఆ ఆసుపత్రిలో మూడో అంతస్తు, ఆడవాళ్ళ ఆపరేషను వార్డు. అక్కడ రాత్రి డ్యూటీ ఆయా. ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే వార్డు, అదే చీపురు, అవే మోకాళ్ళ నొప్పులు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. గుక్కమ్మ అనే పేరు పక్క ఆయాలు పెట్టారు. ఊరికే పెట్టలేదు.

ఆపరేషనుకి ముందు రాత్రి పది దాటాక రోగి ఏమీ తినకూడదు, తాగకూడదు. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం పోయినా పోతుంది. అందుకని పొద్దున్నే మత్తు డాక్టరు వచ్చి, "ఏమన్నా తాగావా అమ్మా?" అని అడుగుతాడు. "ఒక గుక్క టీ తాగాను బాబూ" అందా, ఆ రోజుకి ఆపరేషను లేనట్టే. సోమవారానికి వాయిదా. సోమవారం కోసేది డాక్టరమ్మ. చెయ్యి పడితే పుండు దానంతటదే మానిపోతుందనేవాళ్ళు. గురువారం కోసేది పెద్ద డాక్టరు.

పెద్ద డాక్టరు సంగతి ఏం చెప్పమంటావు. పిచ్చోడి చేతిలో రాయి అంటారే, ఆ రాయి నయం. ఎటొస్తుందో చూసి పక్కకి తప్పుకోవచ్చు. మత్తులో పడుకున్న మనిషి ఎటు తప్పుకుంటుంది? ఆయాలు ఆయన పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. గురువారం అనేవాళ్ళు. "గురువారం లిఫ్టెక్కాడే", "గురువారానికి ఇవాళ ఇంట్లో అక్షింతలు పడ్డట్టున్నాయి, మొహం చూడు" అని నవ్వుకునేవాళ్ళు. శుక్రవారం నాడు కనపడినా ఆయన గురువారమే.

నవ్వుకోక ఏం చేస్తారు. ఆరేళ్ళలో పదకొండు మంది ఆడవాళ్ళు ఆయన బల్ల మీదనుంచి లేవలేదు. ఒకామెకి గుండె బలహీనం అన్నారు. ఒకామెని ఆలస్యంగా తెచ్చారన్నారు. ఒకామె ఒంట్లో రక్తమే లేదన్నారు. లేకుండా ఎలా పోయింది బాబూ అని అడిగినవాడు లేడు. ప్రతి చావుకీ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక కారణం. సూపరింటెండెంటు గదిలో ఇనప బీరువా ఉంది. అది మింగినన్ని కాగితాలు చెదలు కూడా మింగి ఉండదు.

గుక్కమ్మకి చదువు రాదు, మందులు తెలీవు. తెలిసిన మందు ఒకటే, టీ. ఇంటినుంచి స్టీలు ఫ్లాస్కులో తెచ్చుకునేది. గురువారం పొద్దున ఐదింటికి, నర్సు అటు తిరిగినప్పుడు, మూతలో ఒక గుక్క పోసి ఒక రోగికి ఇచ్చేది. "తాగు. డాక్టరు అడిగితే తాగానని చెప్పు. ఎవరిచ్చారంటే నేనే పోసుకున్నానను. తిడతాడు, పడు. తిట్లు తింటే చావరు."

నలుగురు ఉంటే నలుగురికీ పొయ్యొచ్చు కదా అంటావు. పోస్తే ఒక్కవారంలో దొరికిపోతుంది. అందుకని వారానికి ఒక్కరే. చంటిపిల్ల తల్లి ఉంటే ఆమెకి. లేకపోతే పెళ్ళికావలసిన పిల్లకి. అదీ లేకపోతే ఇంట్లో సంపాదించేది తనొక్కతే అయిన మనిషికి. రాత్రంతా నేల తుడుస్తూ ఎవరికా అని ఆలోచించేది. ఆ తూకం ఎవరు పెట్టమన్నారు ఆమెని? ఎవరూ పెట్టమనలేదు. తూకం పట్టాల్సిన పెద్దలు గుర్రుపెట్టి నిద్రపోతుంటే, చీపురు పట్టుకున్నామె పట్టింది.

తాళాలాయన పెళ్ళాం పసరు తిత్తిలో రాళ్ళని చేరింది. యాభై ఐదేళ్ళ మనిషి, నోరు తెరిస్తే వార్డంతా నవ్వాల్సిందే. గుక్కమ్మని మొదటిరోజే వదినా అని వరస కలిపేసింది. "మా ఆయన ఊళ్ళో తాళాలన్నీ తీస్తాడు వదినా, నా కడుపులో రాళ్ళు మాత్రం తియ్యలేకపోయాడు. ఏం మొగుడో ఏమో" అనేది. ఆ గురువారం లిస్టులో ఆమెతో పాటు ఒక బాలింత ఉంది. గుక్క బాలింతకి పోయింది. తాళాలాయన పెళ్ళాం పక్క మంచం మీదనుంచి చూసింది. చూసే అడిగింది. "అయ్యాక తాగుదువుగానిలే" అంది గుక్కమ్మ.

లోపల పెద్ద నరం తెగింది. డాక్టరమ్మ ఆ రోజు కిందనే ఓపీలో ఉంది. "పిలుద్దామా సార్" అంటే, "నాకు చెప్పేదానివా నువ్వు" అని థియేటరు నర్సు మీద అరిచాడంట. పదకొండు గంటలకి దుప్పటి కప్పేశారు.

తాళాలాయన ఒట్టి చదువురాని ముసలాడు. కానీ మనిషి జీవితమంతా మూసిన తలుపుల ముందే కూర్చున్నవాడు. సూపరింటెండెంటు గది బయట బల్ల మీద రోజూ వచ్చి కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. "నా మనిషికి ఏం జరిగిందో చెప్పండి" అన్నాడు, అంతే. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, ఆయన లేవలేదు. ఆఖరికి ముగ్గురు డాక్టర్లతో విచారణ వేశారు. ముగ్గురూ గురువారం దగ్గర చదువుకున్నవాళ్ళే. "దొంగ చేతికే తాళం చెవి ఇచ్చారు కదండీ" అన్నాడు తాళాలాయన.

ఆ ముగ్గురూ గుక్కమ్మని పిలిచి అడిగారు. "ఆ రోజు తప్పెవరిదో నీకేమన్నా తెలుసా?" గుక్కమ్మ నేల చూసింది. "తెలీదు బాబూ" అంది.

అది జరిగిన వారానికి వచ్చింది ఆ బుధవారం.

సాయంత్రం ఆరింటికి ఆఫీసు గుమాస్తా వార్డుకొచ్చాడు. చేతిలో కాగితం, సిరా డబ్బా. "ఏం గుక్కమ్మా, మోకాళ్ళ నొప్పులన్నావుగా. రాత్రి డ్యూటీ తీసేసి పగలు వేస్తున్నారు. వేలు ఇలా పెట్టు" అన్నాడు. పగలు డ్యూటీ కోసం ఆమె ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటోంది. సంతోషంగా వేలు పెట్టింది.

సాక్షి సంతకానికి నర్సు పిల్లని పిలిచాడు. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. చేతిలో ఇంజక్షన్ల పళ్ళెం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడ పెట్టాలి? ఇక్కడా? ఈ ఆసుపత్రిలో నా పెళ్ళి శుభలేఖ మీద తప్ప అన్నిటిమీదా సంతకం పెట్టేశాను" అంది, నిలబడే గీకేసింది.

"ముందు నీకు మొగుడు దొరకాలి కదే" అంది గుక్కమ్మ.

"దొరికితే గురువారం మాత్రం ముహూర్తం పెట్టుకోను అమ్మమ్మా" అంది ఆ పిల్ల నవ్వుతూ.

గుమాస్తా నకలు ఒకటి గుక్కమ్మ చేతిలో పెట్టి పోయాడు.

ఎనిమిదింటికి గురువారం వచ్చాడు. ఆయన ఇల్లు దూరం. పొద్దున్నే ఆపరేషన్లుంటే బుధవారం రాత్రి ఇక్కడే, వరండా చివర ఆయన గదిలో పడుకుంటాడు. వార్డుకి ఒక చూపు విసిరి గదిలోకి పోయాడు. చెప్పులు బయట విడిచాడు. తలుపు కింద వెలుగు కనపడింది.

వార్డులో ఇరవై మంచాలు. ఆ రోజు పది మందే రోగులు. గొడవ సద్దుమణిగేదాకా లిస్టు తగ్గించారు, మర్నాటికి ఈ వార్డునుంచి ఒక్కరే. బళ్ళో పిల్లలకి చదువు చెప్పే టీచరమ్మ. తాళాలాయన పెళ్ళాం పడుకున్న మంచమే ఇప్పుడు టీచరమ్మది. గుక్కమ్మ ఫ్లాస్కు తెచ్చుకుంది గానీ ఈసారి ఎవరికీ పొయ్యకూడదనుకుంది. విచారణ జరుగుతుంటే దొరికితే జైలే.

పది కొట్టాక టీచరమ్మ నిద్రపట్టక అటూ ఇటూ దొర్లుతోంది. గుక్కమ్మ చేతిలో కాగితం చూసి, "ఏంటది ఆయా? చదివిపెట్టనా?" అంది.

"పగలు డ్యూటీ కాగితమమ్మా. ఎప్పటినుంచో చదవండి, పుణ్యముంటుంది."

టీచరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని సెల్ ఫోను వెలుగులో చదివింది. కొంచెం చదివి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది, ఈసారి పైకి.

"'క్రింద వేలిముద్ర వేసిన నేను, ఈ దిగువ పేర్కొన్న పదకొండు మంది రోగులకు, ఆపరేషనుకు ముందు రహస్యముగా టీ ఇచ్చితిని. దానివల్లనే వారు మరణించిరి. ఇందులో డాక్టర్ల తప్పు ఏమియు లేదు.'"

తర్వాత పేర్లు చదివింది. ఒక్కో పేరూ గుక్కమ్మకి తెలిసిందే. ఆఖరి పేరు తాళాలాయన పెళ్ళాంది.

"పదకొండు మందిని చంపావా నువ్వు?" అంది టీచరమ్మ.

"అయ్యో, కాదమ్మా. నేనిచ్చినవాళ్ళు బతికారు. ఇవి ఇవ్వనివాళ్ళ పేర్లు."

"అచ్చులో ఉన్నది అబద్ధమా? నీ వేలిముద్ర ఉంది. సాక్షి సంతకం ఉంది."

"టీచరమ్మా, నా మాట విను. పొద్దున ఒక్క గుక్క..."

"నా దగ్గరికి రాకు! డాక్టరుగారికి చెప్తా" అని దుప్పటి మెడదాకా లాక్కుంది.

గుక్కమ్మ నర్సు పిల్ల దగ్గరికి పోయి కాగితం చూపించింది. చదివేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేను చదవలేదు అమ్మమ్మా... ఒట్టు... పొద్దున సిస్టరమ్మకి చెప్దాం. ఇప్పుడు నన్నేం అడక్కు, తల పగిలిపోతోంది. కాసేపు నడుం వాలుస్తా. ఏదన్నా ఉంటే పిలువు" అని కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి పోయింది.

వార్డులో నీలం బల్బు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి రాత్రి ఎలా ఉంటుందో తెలుసు కదా. స్పిరిటు వాసన, ఫినాయిలు వాసన. ఎవరో మూలిగి ఊరుకుంటారు. సెలైను చుక్క పడుతుంటుంది, దూరంగా లిఫ్టు తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంటుంది. ఇవన్నీ గుక్కమ్మకి సొంత ఇంటి చప్పుళ్ళు. స్టూలు మీద కూర్చుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రవికలో దోపుకుని, తలుపు వైపు చూస్తూ ఉంది.

రెండు దాటాక ఒక వాసన వచ్చింది. వార్డులో రాకూడని వాసన. థియేటర్లో మాంసం మీద కాల్చే కత్తి పెడతారు, రక్తం ఆగడానికి. ఆ కమురు వాసన. థియేటరు కింది అంతస్తులో ఉంది. తలుపులు వేసి ఉన్నాయి.

నాలుగో మంచం కిర్రుమంది. నాలుగో మంచం ఖాళీ. సాయంత్రం తనే దుప్పటి మడిచి పెట్టింది.

ఇప్పుడు ఆ దుప్పటి పరిచి ఉంది. కింద ఎవరో ఒత్తిగిలినట్టు మెల్లిగా కదిలింది.

"ఆయా..."

మూలుగులా పిలిచింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు చూడు. భయమెయ్యకముందే కాళ్ళు లేచాయి. పిలిస్తే పోవడమే ఆమె పని. దగ్గరికి పోయాక గానీ ఒళ్ళు జల్లుమనలేదు. దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికొచ్చింది. చేతికి రోగి పట్టీ. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"కాగితంలో రాశారంట కదా ఆయా... నేను టీ తాగానని."

గుక్కమ్మ చెయ్యి రవికలో దోపిన కాగితం మీదకి పోయింది.

"ఏదీ మరి?"

చెయ్యి అలాగే చాపి ఉంది. గుక్కమ్మ ఫ్లాస్కు మూత తిప్పింది, అందులో ఒక గుక్క పోసింది. చెయ్యి అందుకుంది. ముట్టుకున్న చోట ఐసుగడ్డ తగిలినట్టయింది. గుటక పడిన చప్పుడు వినపడింది. తర్వాత మంచం కింద... టప్... టప్... టప్. తాగింది తాగినట్టే కిందకి కారిపోతోంది.

గుక్కమ్మ తుడిచింది. నవ్వకు. నేల మీద తడి చూస్తే తుడవకుండా ఉండలేదు ఆ మనిషి. వేడిగా ఉంది. నీలం బల్బు వెలుగులో నల్లగా ఉంది. చీకట్లో టీ ఏదో ఇంకొకటేదో ఎవరికి తెలుసు.

ఏడో మంచం కిర్రుమంది.

"ఆయా... నాకు గుండె జబ్బు అన్నారు మొన్నటిదాకా. ఇప్పుడు టీ అంటున్నారంట. పొయ్యి."

పోసింది.

తొమ్మిదో మంచం. అది పంతొమ్మిదేళ్ళ పిల్ల గొంతు. "పంచదార వేశావా ఆయా?" అని అడిగింది. గుక్కమ్మకి ఏడుపొచ్చింది. వేశానమ్మా అంది.

పదమూడు. పద్నాలుగు. పదహారు... ఖాళీ మంచాలు ఒక్కొక్కటే నిండుతున్నాయి. అన్నీ ఒకటే మాట అడుగుతున్నాయి. కాగితంలో రాశారంట. ఏదీ. ఏదీ మరి. వార్డంతా టప్ టప్ మని కారే చప్పుడు. పడుకున్న తొమ్మిది మంది రోగులూ మాత్రం చెవులు లేనట్టు నిద్రపోతున్నారు.

పద్దెనిమిదో మంచం దగ్గరకొచ్చేసరికి గుక్కమ్మ తలుపు వైపు చూసింది. పారిపోదామనుకుంది. "నర్సమ్మా..." అని పిలిచింది. గొంతు పెదాలు దాటలేదు. నర్సు కుర్చీ ఖాళీగా ఉంది. తలుపుకీ తనకీ మధ్య ఉన్న మంచాలమీద తలలన్నీ ఇటే తిరిగి ఉన్నాయి.

ఇరవయ్యో మంచం దాకా పోసేసింది. లెక్క చూసుకుంది. పది మంది. ఖాళీ మంచాలు అయిపోయాయి. హమ్మయ్య అనుకోబోయింది. అనుకోలేకపోయింది. కాగితంలో పదకొండు పేర్లు.

"ఆయా..."

ఈసారి పిలిచింది బతికున్న గొంతే. టీచరమ్మ. ఎప్పుడు మేలుకుందో, కళ్ళు ఇంతింత చేసుకుని పైకప్పు చూస్తోంది. ఎవరూ పట్టుకోకుండా మూత గాల్లో వంగడం, టీ మాయమవడం అంతా చూసింది. కదలడం లేదు.

"ఆయా... నా కాళ్ళ మీద ఎవరో కూర్చున్నారు."

మంచం చివర పరుపు కుంగి ఉంది.

గుక్కమ్మ చూసింది. ఆకుపచ్చ గౌను. రెండు జడలు, ఆపరేషనుకి ముందు అల్లినట్టే, చివర గాజుగుడ్డ ముక్కలతో కట్టి. ఆ జడలు అల్లింది గుక్కమ్మే. ఇది చెప్తున్నప్పుడు తాళాలాయన ఒక్కటే అడిగాడంట, "జడలు ఊడిపోలేదుగా?" అని. లేదయ్యా, చెక్కుచెదరలేదు అంది. ఆయన తల ఊపి, మళ్ళీ చెప్పమన్నాడు.

"వదినా" అంది మంచం మీదామె.

"వచ్చావా వదినా..."

"ఆపరేషను అయిపోయిందిగా. పొయ్యి మరి."

గుక్కమ్మ ఫ్లాస్కు వంచింది. మూతలో అడుగున పడింది. ఒక్క గుక్క. మళ్ళీ వంచింది. ఇంకేం రాలేదు.

టీచరమ్మ దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టింది. "ఆయా... అది నాకివ్వు... నాకు అర్థమైంది. నువ్వు చెప్పింది నిజం. నాకివ్వు. నాకు బతకాలనుంది ఆయా."

ఇటు చూస్తే ఆ మాట, అటు చూస్తే ఈ మొహం. అడిగి అడిగి పోయిన మనిషి ఒకామె, బతకాలని అడుగుతున్న మనిషి ఇంకొకామె. నీళ్ళు తాగినా సరిపోద్ది కదా అంటావేమో. ఆ గదిలో ఆ పూట నీళ్ళు గుర్తొచ్చేంత తెలివి ఎవరికి ఉంటుంది? లోకం మొత్తానికి ఆ ఒక్క గుక్కే మిగిలినట్టుంది.

గుక్కమ్మ కళ్ళు మూసుకుని మూత టీచరమ్మ నోటికి ఆనించింది.

టీచరమ్మ తాగింది. కింద ఏమీ కారలేదు.

వార్డంతా చప్పుడు ఆగిపోయింది. సెలైను చుక్క కూడా పడటం మానేసినట్టుంది.

"మళ్ళీ నాకు లేదు" అంది తాళాలాయన పెళ్ళాం. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. "పోనీలే. బతకాల్సిన మనిషి." ఒక జడ ముందుకి వేసుకుంది. "అయితే ఒకటి చెప్పు వదినా. టీ తాగి చచ్చానని రాశారు. టీ ఏమో తాగలేదు. మరి నన్ను చంపిందెవరు?"

ముగ్గురు డాక్టర్లు అడిగినప్పుడు గుక్కమ్మ నేల చూసింది. ఇప్పుడూ నేల చూసింది. నేలంతా తడి. ఆ తడిలో పది మంది పాదాలు, తన చుట్టూ.

"ఎవరు?"

అన్ని నోళ్ళూ ఒకేసారి అన్నాయి. గుసగుసగానే.

గుక్కమ్మ చెయ్యెత్తింది. ఆరేళ్ళుగా ఎత్తని చెయ్యి. వేలు చాపి వరండా చివర తలుపు చూపించింది. "అదిగో... ఆ గది. చెప్పులున్నాయి చూడండి. గురువారం అందులోనే పడుకున్నాడు."

పరుపు మీద కుంగిన చోటు పైకి లేచింది.

పోయారు. తడికాళ్ళ చప్పుడు వరండాలో మెల్లిగా పోయింది. పదకొండు మంది నడిస్తే ఎంత చప్పుడు రావాలి... అంత రాలేదు. తలుపు తీసిన చప్పుడు రాలేదు. గడియ చప్పుడూ రాలేదు. గుక్కమ్మ, టీచరమ్మ ఒకరి చేతులొకరు పట్టుకుని వింటున్నారు.

చాలాసేపటికి ఒక గొంతు.

"అమ్మమ్మా..."

ఒక్కసారే. సన్నగా, దూరంనుంచి, నిద్రలో ఉలిక్కిపడ్డట్టు. గుక్కమ్మ రెండు చెవులూ మూసుకుంది. నా చెవుల్లో పుట్టిన పిలుపే అనుకుంది. పిలిస్తే పోయే మనిషి, ఆ ఒక్కసారీ పోలేదు. తెల్లారేదాకా టీచరమ్మ మంచం మీదే కూర్చుండిపోయింది.

ఆరింటికి మత్తు డాక్టరు వచ్చాడు. "ఏమన్నా తాగారా అమ్మా?"

"తాగాను. ఆయా ఇచ్చింది. ఎందుకిచ్చిందో కూడా చెప్తాను, రాసుకోండి" అంది టీచరమ్మ. ఆయన తల దించుకుని లిస్టులో ఆమె పేరు కొట్టేశాడు. రాసుకోలేదు.

గుక్కమ్మ వరండా చివరకి చూసింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. తలుపు మూసే ఉంది. గుండెల మీద చెయ్యి వేసుకుని, అయిపోయింది, పీడ వదిలింది అనుకుంది. అలా అనుకున్నందుకు దణ్ణం పెట్టుకుంది కూడా.

ఏడింటికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. గురువారం దిగాడు. తల దువ్వుకుని, బూట్లు తళతళలాడుతూ. "మొదటి కేసు కిందికి దింపారా?" అన్నాడు.

రాత్రి పదకొండింటికే వెనక మెట్లమీదుగా ఇంటికి వెళ్ళిపోయాడంట. చెప్పులు విడిచి బూట్లు వేసుకుని. ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్ళు ఎవరికి చెప్పి పోతారు? వరండాలో తిరుగుతున్న నర్సు పిల్ల మాత్రం చూసింది. ఆయన ఏసీ గది ఖాళీగా ఉంది కదా, ఒక గంట నడుం వాలుద్దామని లోపలికి పోయి గడియ వేసుకుందంట. ఎదురుగా మెట్లమీద కూర్చున్న వార్డుబాయి చూశాడు.

పిలిస్తే పలకలేదు. తలుపు పగలగొట్టారు. కిటికీకి ఊచలు ఉన్నాయి. గడియ లోపల వేసినట్టే ఉంది. ఏసీ తిరుగుతోంది. పరుపు మధ్యలో మనిషి పడుకున్న గుంట ఉంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. సాయంత్రం సూపరింటెండెంటు వచ్చి చెయ్యి పెట్టి చూసినప్పుడు కూడా వెచ్చగానే ఉందంట. మర్నాడూ ఉందంట.

గురువారానికి ఏమీ కాలేదు. ఆ రోజు మగాళ్ళ వార్డులో ఇద్దరికి ఆపరేషను చేశాడు. టీచరమ్మ సోమవారానికి వాయిదా పడి ఉంది. గుక్కమ్మ ఉంది. తెల్లారేసరికి లేనిది నర్సు పిల్ల.